సెక్షనమ్మ మెడ

పొద్దున్నే డిపోకి చేరగానే సెక్షనమ్మ చేసే మొదటి పని తన బస్సు చుట్టూ ఒకసారి తిరిగి రావడం. టైర్లని కాలితో తన్ని చూస్తుంది, అద్దాలు తుడుస్తుంది, సీట్ల కింద ఎవరైనా మర్చిపోయిన గొడుగో డబ్బానో ఉంటే తీసుకెళ్ళి ఆఫీసులో ఇస్తుంది. ఆ తర్వాత మెడ పరీక్షకి వరసలో నిలబడుతుంది. బస్సులు నడిపేవాళ్ళెవరికీ అది తప్పదు. డిపో నర్సు ఒక్కొక్కరినీ స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని తల అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టి వింటుంది. మిగతా డ్రైవర్ల మెడలు కిరకిరలాడతాయి. సెక్షనమ్మ మెడలో చప్పుడే ఉండదు.

"కొత్త తలుపులా ఉంది తల్లీ నీ మెడ. ఏం నూనె రాస్తావు?" అని అడిగేది నర్సు.

"నూనె కాదండీ, నోరు. ఎవడడిగినా చెప్పను," అనేది సెక్షనమ్మ.

ఆ ఊళ్ళో మెడల సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు. ప్రభుత్వం మనిషికో నంబరు ఇచ్చింది. ఆ నంబరుని ఎవరైనా, ఎక్కడైనా, మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా పలికారంటే, లేదా కంప్యూటర్లో కొట్టారంటే, ఆ మనిషి తల అటువైపు తిరుగుతుంది. చేతిలో ఏ పని ఉన్నా తిరగాల్సిందే. పలికినంతసేపు అటే చూసి, అయిపోయాక మళ్ళీ మామూలుగా వస్తుంది. క్షవరం చేసేవాళ్ళు గొంతు మీద కత్తి పెట్టేముందు "ఇవాళ నంబరు ఎక్కడైనా ఇచ్చారా సార్?" అని అడుగుతారు. లేదన్నా నమ్మకుండా రెండో చేత్తో జుట్టు గట్టిగా పట్టుకుంటారు. గ్రూపు ఫొటోల్లో ఎప్పుడు చూసినా ఒకరిద్దరు పక్కకి చూస్తూనే ఉంటారు. వాళ్ళని ఎవరూ ఏమీ అనరు.

అందుకే చట్టం వచ్చింది. పన్నుల ఆఫీసు, పెద్దాసుపత్రి, కోర్టు, జీతమిచ్చే యజమాని, వీళ్ళు తప్ప ఇంకెవరూ నంబరు అడగకూడదు. అడిగినవాళ్ళు పని అయ్యాక దాన్ని దగ్గర ఉంచుకోకూడదు. చెప్పనన్న మనిషిని ఉత్త చేతులతో వెనక్కి పంపకూడదు. చట్టంలో వంక పెట్టడానికేమీ లేదు. బజారుకి మాత్రం అదంటే లెక్కే లేదు. బట్టలుతికే దుకాణంలో అడుగుతారు, లైబ్రరీలో అడుగుతారు, ఈతకొలను గేటు దగ్గర అడుగుతారు. జనం కూడా క్యూ కదిలితే చాలని గబగబా చెప్పేసి, సాయంత్రం మెడ పట్టించుకుంటూ చట్టాన్ని తిట్టుకుంటారు.

సెక్షనమ్మకి అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఈ పేరు చెప్పుల దుకాణంలో వచ్చింది. కొత్త జత కాళ్ళకి సరిచూసుకుని కౌంటరు దగ్గరికి వెళితే, అక్కడి కుర్రాడు తల ఎత్తకుండానే "నంబరు చెప్పండి మేడం," అన్నాడు.

"ఏడు," అంది ఆమె.

"కాలి నంబరు కాదు మేడం, మీ నంబరు."

"చెప్పులు వేసుకునేది కాలా, మెడా? నువ్వు అడగకూడదని సెక్షన్ ఉంది, నేను చెప్పకపోతే చెప్పులు ఇవ్వనని అనకూడదని ఇంకో సెక్షన్ ఉంది. రెండూ చదవమంటావా?"

చదివింది కూడా. వెనక క్యూలో ఉన్నవాళ్ళు విసుక్కున్నారు, కుర్రాడు చేతులెత్తేసి చెప్పులిచ్చాడు, ఎవరో "ఎవరండీ బాబూ ఈ సెక్షనమ్మ!" అన్నారు. అంతే, ఆ పేరు డిపో దాకా వచ్చి అక్కడే స్థిరపడిపోయింది. ఆమెకీ అది నచ్చింది. ఊళ్ళోకెల్లా కష్టమైన రూటు, వంతెన దిగగానే మూడు రోడ్లు కలిసే మూల మీదుగా పోయేది, ఆ మెడని చూసే ఆమెకిచ్చారు.

ఆమె తన నంబరుని ఇష్టపడి చెప్పింది ఒక్క మనిషికే. అతను తాళంచెవులు చేస్తాడు. పెళ్ళయిన కొత్తలో తన దుకాణంలో కూర్చుని ఆకురాయి పక్కన పెట్టి, ఊరికే ఆమె నంబరు పలికేవాడు. అప్పటికామె డిపోలో టికెట్ల లెక్క చూసేది. పదిమంది మధ్యలో తల దుకాణం వైపు తిరిగేది, మొహం ఎర్రబడేది, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. స్టీరింగు చేతికొచ్చిన రోజున "ఇంక చాలు," అంది. ఇంకెప్పుడూ పలకనని అతను ఒట్టు వేశాడు, ఆ మాట మీద నిలబడ్డాడు. ఆ పిలుపు ఆగిపోయినందుకు ఆమె మనసులో ఒక మూల బాధపడింది గానీ, బయటికి చెప్పలేదు.

వాళ్ళకో కూతురు. ఎప్పుడూ గోలగోలగా ఉంటుందని పిచ్చుక అని పిలుస్తారు. సెక్షనమ్మ డ్యూటీకి బయల్దేరేసరికి పిచ్చుక నిద్రలో ఉంటుంది. ఆమె తిరిగొచ్చేసరికి అన్నం తిని, కళ్ళు నలుపుకుంటూ, ఏదో ఒకటి సగం చెప్పి పడుకుంటుంది. తయారుచేసి బడిలో దింపేది తండ్రి.

పిచ్చుక ఒకటో తరగతిలో చేరిన కొత్తలో ఒక పొద్దున, వంతెన మీద స్టాపులో బస్సు ఆగి ఉండగా, సెక్షనమ్మ తల ఎడమకి తిరిగింది.

"ఏంటక్కా! నీక్కూడానా?" అని నోరెళ్ళబెట్టాడు కండక్టరు.

మర్నాడు అదే వేళకి మళ్ళీ తిరిగింది. ఆ మర్నాడూ అంతే. బస్సు కదులుతుంటే ఏమయ్యేదోనని ఆమెకి భయం పట్టుకుంది. సెలవు రోజున ఆ వేళకి వంతెన దగ్గర నిలబడి, తల ఎటు తిరిగితే అటు నడిచింది. అది తిన్నగా పిచ్చుక బడి గేటు దాకా తీసుకెళ్ళింది.

బడిలో హాజరు తీసుకునే పద్ధతి మారిందట. టీచరు పేరు పిలవగానే పిల్లలు లేచి "ప్రెజెంట్" అనడం మానేసి, వాళ్ళమ్మ నంబరు పలుకుతున్నారు. ఊళ్ళో ఎక్కడున్నా తల్లి తల బడి వైపు తిరుగుతుంది. బిడ్డ క్షేమంగా చేరిందని తెలిసిపోతుంది.

"మీరు నంబర్లు అడగకూడదు టీచరుగారూ," అంది సెక్షనమ్మ.

"మేమెక్కడ అడిగామమ్మా?" అంది టీచరు. ఆమె మంచి మనిషే, పిల్లలంటే ప్రాణం పెడుతుంది. "ఒక్క నంబరు కూడా రాసుకోలేదు. కావాలంటే ఆ బీరువా తీసి చూసుకోండి. పిల్లలే నేర్చుకొచ్చారు, పిల్లలే చెబుతున్నారు. రేపు ఎక్కాలు నేర్పించడానికి కూడా సెక్షన్ అడ్డమొస్తుందంటారా?"

"నోటితో చెప్పించుకున్నా సేకరించినట్టేనని చట్టంలో ఉందండీ."

"మిగతా తల్లులు నాకు దణ్ణాలు పెడుతున్నారు. పిల్లలు చేరారో లేదో అన్న బెంగ తీరిందంటున్నారు. మీరొక్కరే..."

"నేను బస్సు నడుపుతానండీ."

"అయితే హాజరు వేళకి కాసేపు పక్కకి ఆపుకోండి. అంతే కదా," అంది టీచరు, చాలా తేలికగా.

సెక్షనమ్మ అక్కడి నుంచి తిన్నగా తాళాల దుకాణానికి వెళ్ళింది. మొగుడు సైకిలు తాళానికి చెవి అరగదీస్తున్నాడు.

"ఏమయ్యా, ఎవరైనా సబ్బు మీద అచ్చు వేసి తెచ్చి తాళంచెవి చెయ్యమంటే చేస్తావా?"

"ఛీ ఛీ! చస్తే చెయ్యను. పరాయివాళ్ళ ఇంటి తాళం నేనెలా చేస్తాను?"

"మరి నా నంబరు పిల్లకి ఎలా నేర్పావు?"

అతని చేతిలో ఆకురాయి ఆగింది. "టీచరమ్మ అందరికీ చెప్పినట్టే చెప్పింది. అందరూ పలుకుతుంటే మన పిల్లొక్కతే బిక్కమొహం వేసుకుని నిలబడితే ఏం బాగుంటుంది? అయినా రాసుకోలేదులే," అన్నాడు. ఆకురాయి పక్కన పెట్టి, "దానికి నేర్పుతుంటే నాకు బాగానే అనిపించింది. ఎన్నాళ్ళయిందో ఆ నంబరు నోట్లోకొచ్చి," అన్నాడు నెమ్మదిగా.

ఆ మాటకి సెక్షనమ్మ మెత్తబడింది, కానీ ఆగలేదు. మర్నాడే నంబర్ల రక్షణ ఆఫీసుకి వెళ్ళింది. ఫిర్యాదు తీసుకునే గుమాస్తా కిటికీలోంచి "ముందు మీ నంబరు చెప్పండి," అన్నాడు. నంబరు ఊరికే వాడుతున్నారని చెప్పుకోవడానికి నంబరు చెప్పింది. అతను పలుకుతూ కంప్యూటర్లో కొట్టాడు. అతని మొహమే చూస్తోంది కనుక ఆమె మెడ కదల్లేదు. పక్క గదిలో ఇంకొకతను మళ్ళీ కొట్టినప్పుడు అటు తిరిగింది. మేడ మీద ఎవరో కొట్టినప్పుడు తల పైకి లేచింది. పనంతా అయ్యేసరికి మెడ పట్టేసింది.

అయితే ఆఫీసు పని చేసింది. బడికి తాఖీదు వెళ్ళింది. ఫలానా విద్యార్థిని తల్లి నంబరుని ఇకమీదట బడిలో పలికించరాదు. మిగతా తల్లులెవరూ ఫిర్యాదు చెయ్యలేదు కనుక మిగతా పిల్లల సంగతి అందులో లేదు. చట్టం పుట్టాక ఆ ఊళ్ళో దాన్ని పొల్లు పోకుండా పాటించింది బహుశా ఆ టీచరొక్కతే. రోజూ హాజరు వేళ పిచ్చుక వంతు రాగానే, "నువ్వు పలకొద్దమ్మా, కూర్చో," అనేది. పిల్ల కూర్చునేది. పక్కనున్నవాళ్ళు లేచి గొంతెత్తి వాళ్ళమ్మల్ని పిలుచుకునేవాళ్ళు.

వారం తిరిగాక ఒక సాయంత్రం సెక్షనమ్మ ఇంటికొచ్చేసరికి పిచ్చుక గుమ్మంలో కూర్చుని ఉంది.

"నేను పిలిస్తే నువ్వు చూడకూడదని కోర్టు చెప్పిందా అమ్మా?"

"కోర్టు కాదే..."

"మరి నువ్వే చెప్పావా?"

సెక్షనమ్మకి ఎన్ని సెక్షన్లు తెలిసినా ఆ ప్రశ్నకి పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు. పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. "బస్సులో ఎంతమంది ఉంటారు చెప్పు? నేను పక్కకి చూస్తే అందరూ పడిపోరూ?"

"పడిపోతారు," అని ఒప్పుకుంది పిచ్చుక. ఒప్పుకున్నాక కూడా దాని కింది పెదవి ముందుకే ఉంది. "మరి మనసులో పిలుచుకోనా?"

"మనసులో అయితే ఎంతసేపైనా పిలుచుకో."

మనసులోది నోటికి రాకుండా ఆపుకోవడం పెద్దవాళ్ళకే చేతకాదు. ఆరేళ్ళ పిల్ల అయినా చాన్నాళ్ళు ఆపుకుంది. సెక్షనమ్మ మెడ మళ్ళీ నిటారుగా నిలబడింది, నర్సు మళ్ళీ మెచ్చుకుంది. గండం గడిచిందనే అందరూ అనుకున్నారు.

ఒక మధ్యాహ్నం బస్సు వంతెన దిగుతోంది. మూడు రోడ్లు కలిసే మూల దగ్గర గొడుగులు బాగుచేసే ముసలాయన ఎప్పటిలాగే పేవ్‌మెంటు మీద కూర్చుని ఒక నల్ల గొడుగుకి చువ్వ ఎక్కిస్తున్నాడు. సెక్షనమ్మ స్టీరింగు కుడికి తిప్పుతుండగా తల ఎడమకి తిరిగింది. ఆమెకి బడి వైపు ఆకాశమూ, మేడలూ కనిపించాయి. ముందున్న రోడ్డు కనిపించలేదు. పలుకుతున్న గొంతు నత్తినత్తిగా పలుకుతున్నట్టుంది, తల ఎంతకీ వెనక్కి రాలేదు. వచ్చేసరికి ముందు చక్రం పేవ్‌మెంటు ఎక్కేసి ఉంది, గొడుగులన్నీ రోడ్డు మీద దొర్లుతున్నాయి, ముసలాయన కేకలు పెడుతున్నాడు.

ప్రాణం పోలేదు. మోకాలి కింద ఎముక నుజ్జయింది. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి సెక్షనమ్మ ఏడుస్తుంటే ఆయనే ఓదార్చాడు. "పిలిస్తే తిరక్కుండా ఎవరుంటారమ్మా? నీ చేతుల్లో ఏముంది? ఎవరో ఆ పిలిచినవాళ్ళననాలి గానీ. తెలిసిందా ఎవరో?"

"తెలీదు బాబాయ్," అంది సెక్షనమ్మ.

అప్పటికి నిజంగానే తెలీదు. ఇంటికెళ్ళాక తెలిసింది. పిచ్చుక గుమ్మంలోనే ఎదురొచ్చి అరచెయ్యి చాపింది. అందులో చిన్న పన్ను ఉంది. పైవరసలో ముందు పన్ను ఊడి, నోట్లో నల్లగా సందు కనిపిస్తోంది.

"చూశావుగా అమ్మా? బడిలో కుళాయి వెనక ఎవరూ లేనప్పుడు పిలిచాను. ఒక్కసారే! ఊడింది కదా, నీకు చూపించాలని. నోట్లోంచి గాలి పోతోంది, అందుకే మెల్లగా పిలిచాను. చూశావా?"

సెక్షనమ్మ మొగుడి వంక చూసింది. అతను అప్పటికే మూలన కూర్చుని తల పట్టుకున్నాడు. ఊళ్ళో జరిగిందంతా అతనికి ముందే చేరింది.

"చూశాను," అంది ఆమె. "ఎంత చిన్న పన్నో."

మర్నాడు డిపోలో విచారణ జరిగింది. సూపరింటెండెంటు ఆమె మంచి కోరే మనిషి. తలుపు వేసి మరీ అడిగాడు. "చూడమ్మా, అక్రమంగా నంబరు పలికినవాళ్ళకి శిక్ష ఉంది. పిల్లలైతే నేర్పినవాళ్ళకి జైలు. నీకు నేను చెప్పాలా, నువ్వే నాకు చెప్పేదానివి. ఎవరో చెప్పు, నీ ఉద్యోగానికి ఢోకా ఉండదు."

జైలంటే మొగుడు. తాళాలు చేసే చేతులకి తాళం. "తెలీదు సార్," అంది సెక్షనమ్మ, ఈసారి తెలిసే.

"అయితే ఒకటే దారి. ఆ నంబరు మూయించి కొత్తది తెచ్చుకో. లేకపోతే స్టీరింగు వదులు."

స్టీరింగు వదిలితే మళ్ళీ టికెట్ల లెక్కలో కూర్చోవచ్చు. ఆ రోజంతా ఆమె అదే ఆలోచించింది. ఆ మూల మీద చక్రాలు తిప్పడానికి ఆమె పడ్డ పాట్లు తక్కువవి కావు. ఆడమనిషి బస్సేంటని నవ్వినవాళ్ళంతా ఇప్పుడు ముందు తలుపు దగ్గర చెయ్యెత్తి ఆపి ఎక్కుతున్నారు. దాన్ని వదులుకోవడమంటే ఆమెకి ప్రాణం ఒప్పలేదు. నంబరే వదులుకుంది.

కొత్త నంబరు ఇచ్చే గుమాస్తా ఆమె ఎదురుగానే పాతదాన్ని మూసేశాడు.

"అదేమవుతుందండీ ఇప్పుడు?" అంది.

"ఏమీ కాదమ్మా, అలా పడి ఉంటుంది. పాత మనిషి బతికున్నంతకాలం..."

"...ఇంకొకరికి ఇవ్వకూడదు," అని సెక్షన్ తనే పూర్తి చేసింది.

"మీకు అన్నీ తెలుసే," అన్నాడు గుమాస్తా.

మొగుడికి కొత్త నంబరు చెప్పలేదు. అతను అడగనూ లేదు. పిచ్చుకకి అసలు ఈ సంగతే చెప్పలేదు. చెబితే కొత్తది నేర్పమంటుందన్న భయం ఒకటి. కళ్ళల్లోకి చూసి చెప్పలేకపోవడం ఇంకొకటి. పిల్ల మళ్ళీ కుళాయి వెనకకి వెళ్ళి పిలుచుకోవడం మొదలుపెట్టింది. బస్సేమీ పడిపోకపోతే అమ్మ కోప్పడదని దాని లెక్క.

"ఇవాళ చూశావా అమ్మా?" అనేది, నిద్రకళ్ళతో.

"చూశాను తల్లీ."

"ఇవాళో?"

"ఇవాళా చూశాను."

ఒకరోజు అలాగే "చూశాను" అంది. పిచ్చుక దుప్పట్లోంచి తల బయటపెట్టి చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది.

"నేనివాళ పిలవలేదు," అంది.

ఆ తర్వాత అడగడం మానేసింది. సెక్షనమ్మకి నిద్ర పట్టేది కాదు. ఉద్యోగం మానేద్దామని ఒకసారి, నిజం చెప్పేద్దామని ఒకసారి అనుకునేది. పొద్దున్నే లేచి బస్సు చుట్టూ తిరిగేది. ముసలాయన చంకకర్రతో మళ్ళీ తన మూలకి వచ్చి కూర్చున్నాడు. ఆమె బస్సు వస్తుంటే ఇప్పుడు గొడుగులన్నీ కొంచెం వెనక్కి లాక్కునేవాడు.

వానలు పడి వెలిశాక పిచ్చుకలో మార్పు కనిపించింది. మళ్ళీ గోల మొదలైంది. ఎవరు వేస్తున్నారో గానీ జడలు చక్కగా, గట్టిగా ఉంటున్నాయి. బడి గౌను ఇస్త్రీ మడత నలగడం లేదు. పనికొచ్చే టీచరమ్మే ఎవరో వచ్చిందని సెక్షనమ్మ అనుకుంది. పిల్లలు ఇట్టే మర్చిపోతారు, మంచిదే అయిందని కూడా అనుకుంది. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. చాన్నాళ్ళ తర్వాత ఒక రోజు చెప్పుల దుకాణం కుర్రాడు బస్సెక్కితే "కాలి నంబరు ఎంత బాబూ?" అని ఆట పట్టించింది కూడా.

ఆ మధ్యాహ్నమే ఒక మనిషి ముందు తలుపులోంచి ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. చేతులకి అక్కడక్కడా కాలిన మచ్చలు, దగ్గర గంజి వాసన. హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషని కండక్టరు చెప్పాడు. ఈ ఊరికి కొత్త. వంతెన మీద స్టాపులో బస్సు ఆగి ఉండగా వెనక అద్దంలో ఆమె తల ఎడమకి తిరగడం సెక్షనమ్మకి కనిపించింది. అందరిలా విసుక్కోలేదు ఆమె. అటు చూస్తూ నవ్వుకుంది.

"ఎవరికిచ్చారు నంబరు? బాగా తెలిసినవాళ్ళలా ఉన్నారే," అంది సెక్షనమ్మ.

"ఎవరికీ ఇవ్వలేదక్కా! నాకు నంబరు ఇచ్చిందే మొన్న మొన్న. కొత్త నంబర్లు అయిపోయాయట, ఉన్నవాటిల్లో ఒకటి ఇచ్చారు. తెచ్చుకున్న రోజు నుంచి ఇదే వరస. ఇస్త్రీపెట్టె చేతిలో ఉండగా తల తిరిగిందంటే దుప్పటి కాలిపోయేది. మేనేజరు నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఇదెవరో తేల్చుకుందామని ఒకరోజు తల తిరిగినవైపే నడిచి వెళ్ళాను. బడి. గోడ అవతల కుళాయి వెనక నిలబడి ఒక పిల్ల నా నంబరు చదువుతోంది. ముందు పన్ను లేదు."

"కోప్పడ్డావా?" అంది సెక్షనమ్మ.

"కోప్పడదామనే వెళ్ళాను. అది నన్ను చూసి, 'మీరేనా మా అమ్మ నంబరు?' అంది."

"నువ్వేమన్నావు?"

"ఏమనను? అవునన్నాను." ఆమె చేతి మీది మచ్చని వేలితో రుద్దుకుంది. "నాకు ముందూ వెనకా ఎవరూ లేరక్కా. పుట్టాక నన్ను పనికట్టుకుని పిలిచినవాళ్ళు లేరు. వాళ్ళమ్మ పోయిందేమో పాపం, నేనడగలేదు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం బెల్లు వేళకి వెళతాను, ఇవాళా అక్కడికే. జడలు ఊడిపోతే మళ్ళీ వేస్తాను. గౌను మార్చుకునేది ఒకటి తెచ్చిస్తే ఇస్త్రీ చేసి ఇస్తాను. అది ఒకటే వాగుతుంది, నేను వింటాను. మేనేజరుకి చెప్పి ఆ వేళకి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేస్తున్నాను."

వెనక బండివాడు హారన్ కొట్టాడు. సెక్షనమ్మ బస్సు కదిలించింది.

"అక్కా, నిన్ను ఊళ్ళో అందరూ సెక్షనమ్మ అంటారట కదా. చట్టమంతా తెలుసట. ఒక్క మాట చెప్పు. ఈ నంబరు పాతదని ఎవరైనా వెనక్కి తీసేసుకుంటారా? అలాంటి సెక్షనేమైనా ఉందా?"

ఉంది. సెక్షనమ్మకి అది కామాలతో సహా నోటికొచ్చు. ఒక్క ఫిర్యాదు చాలు. గుమాస్తా ఆ నంబరుని మళ్ళీ మూసేస్తాడు, ఈసారి జాగ్రత్తగా. అప్పుడు పిచ్చుక కుళాయి వెనక నిలబడి ఎంత పిలిచినా ఊళ్ళో ఒక్క తల కూడా తిరగదు. ఆ పిల్లకి అమ్మనని ఈ మనిషికి చెప్పాలనుకుంది. చెబితే ఆమె సిగ్గుపడి రేపటి నుంచి బడికి వెళ్ళదు. మధ్యాహ్నం బెల్లు వేళకి తను వెళ్ళగలదా అంటే, ఆ వేళకి తను ఇదిగో, ఇక్కడ వంతెన దిగుతూ ఉంటుంది.

జీవితంలో మొదటిసారి సెక్షనమ్మ చట్టం తప్పు చెప్పింది.

"అలాంటి సెక్షనేమీ లేదు," అంది. "అది నీదే."

"హమ్మయ్య," అంది ఆ మనిషి. గుండెల మీద చెయ్యి వేసుకుంది.

మూల దగ్గర ముసలాయన గొడుగులు వెనక్కి లాక్కున్నాడు. సెక్షనమ్మ గేరు మార్చి, స్టీరింగు జాగ్రత్తగా కుడికి తిప్పింది. బడిలో బెల్లు మోగింది. వెనక అద్దంలో ఆ మనిషి తల మళ్ళీ ఎడమకి తిరిగింది. అవతల పిచ్చుక ఎందుకు పిలుస్తోందో, ఇవాళ ఏం చూపించాలని పిలుస్తోందో సెక్షనమ్మకి తెలీదు. అద్దంలో ఆ మనిషి నవ్వుతోంది. ఎడమ పక్కకి చూడాలని సెక్షనమ్మకి ప్రాణం కొట్టుకుంది.

బస్సు నిండా జనం ఉన్నారు. ఆమె రోడ్డే చూసింది.